మధ్యస్థాయి నగరంలో డాక్టర్లు ఎందుకు ఉండిపోతారు? ఇరవై ఒక్క ఏళ్లుగా ఉన్నవాడిగా నా సమాధానం

మీరు అడిగింది ఇదీ. న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బుల వైద్యం) శిక్షణ ఇంకో ఎనిమిది నెలల్లో అయిపోతుంది. చేతిలో రెండు అవకాశాలున్నాయి, ఒకటి మహానగరంలో పేరున్న పెద్దాసుపత్రి, రెండోది నాలుగు లక్షల జనాభా ఉన్న నగరంలో మూడు వందల పడకల ఆసుపత్రి. తోటివాళ్లు మొదటిదాన్ని వదులుకోవద్దంటున్నారు. కానీ మీరు బాగా గౌరవించే సీనియర్లు ఇద్దరు రెండో రకం ఊళ్లోనే పదిహేనేళ్లకు పైగా ఉండిపోయారు, సంతోషంగానే ఉన్నారు, అక్కడ ఏం చూసి ఉండిపోయారో మీకు అర్థం కావట్లేదు.

నేను గుండె డాక్టర్ని. మహానగరంలో నాలుగేళ్లు పనిచేసి, ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లుగా మధ్యస్థాయి నగరంలోనే ఉన్నాను. మీ ప్రశ్న ఒకప్పుడు నేనూ వేసుకున్నదే కాబట్టి వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ ప్రశ్న ఎవర్ని అడిగినా ట్రాఫిక్ తక్కువ, ఖర్చు తక్కువ, పెద్ద ఇల్లు దొరుకుతుంది, పిల్లలతో గడపడానికి టైమ్ ఉంటుంది అంటారు. అన్నీ నిజమే. కానీ అవి వచ్చేటప్పటి కారణాలు. వచ్చిన రెండేళ్లకి మనిషి వాటికి అలవాటు పడిపోతాడు, వాటి గురించి ఆలోచించడమే మానేస్తాడు. అచ్చంగా ఆ కారణాలతోనే వచ్చిన డాక్టర్లు కొందరు మూడో ఏట వెనక్కి వెళ్లిపోవడం నేను చూశాను. ఉండిపోయినవాళ్లనీ దగ్గరగా చూశాను. వాళ్లను పట్టి ఉంచింది పనిలోనే ఉంది: తాము చేసిన వైద్యం చివరికి ఏమైందో వాళ్లకు తెలుస్తుంది.

నా సంగతి చెప్తాను. మహానగరంలో ఉన్న నాలుగేళ్లలో వందల మందికి స్టెంట్లు (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టాలు) వేశాను. కేసు వస్తుంది, చేస్తాం, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తాం, ఆ తర్వాత చెకప్‌లకి వాళ్లు ఇంటికి దగ్గర్లో ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఏడాది తర్వాత మళ్లీ నా ముందు కూర్చున్నవాళ్లు చాలా తక్కువ. నా చేతి పని బాగుందని గట్టిగా నమ్మేవాడిని, బాగాలేదని చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు కాబట్టి. ఈ ఊరికి వచ్చిన మొదటి ఏడాదిలోనే, నేను స్టెంట్ వేసిన ఒకాయన్ని అయిదో వారంలో తెల్లవారుజామున స్ట్రెచర్ మీద తెచ్చారు. స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోయింది. పన్ను తీయించుకోవాలని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు తనంతట తనే ఆపేశాడు. ఆపకూడదని నేను చెప్పలేదా అంటే చెప్పాను, ఎప్పుడు చెప్పానంటే ప్రొసీజర్ అయిన గంటకి, ఆయనకి మత్తు ఇంకా పూర్తిగా వదలకముందే. ఆయన బతికాడు గానీ గుండె కండరం కొంత పోయింది. ఇప్పటికీ చెకప్‌కి వస్తాడు, ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం. ఆ ఆయాసాన్ని నేను మూడు నెలలకోసారి చూస్తాను. అప్పట్నుంచి మాత్రల సంగతి ఇంటికి పంపే రోజున, ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి, కాగితం మీద రాసిచ్చి, వాళ్లచేత తిరిగి చెప్పించుకుని మరీ పంపిస్తున్నాను. మహానగరంలో నా చేతి మీదుగా వెళ్లినవాళ్లలో ఇలాంటివాళ్లు లేరని కాదు. ఉండే ఉంటారు, వేరే ఆసుపత్రికి వెళ్లి ఉంటారు, నాకు తెలిసే దారి లేకపోయింది.

మా గుండె వైద్యంలో కొన్ని ముఖ్యమైన పాఠాలు ఇలాంటి ఊళ్ల నుంచే వచ్చాయి. జేమ్స్ మెకెంజీ అనే స్కాట్లాండ్ డాక్టరు ఇంగ్లాండులో బట్టల మిల్లుల ఊరైన బర్న్‌లీలో పాతికేళ్లకు పైగా సాధారణ డాక్టరుగా పనిచేశాడు. కాన్పు సమయంలో గుండె జబ్బుతో ఒక గర్భిణి తన కళ్లముందే చనిపోయిందని, గుండె జబ్బున్నవాళ్లలో నిజంగా ఎవరికి ప్రమాదమో తేల్చుకోవాలని పట్టుబట్టాడు. నాడిని కాగితం మీద గీసే పరికరం ఒకటి తయారు చేయించుకుని, అదే ఊళ్లో, అవే మనుషుల నాడిని ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయాడు. నాడి లయ తప్పినవాళ్లలో చాలామంది నిక్షేపంగా ఉంటారని, కొందరికే అది ముప్పని ఆయన చెప్పగలిగింది అందుకే. 1907లో లండన్ వెళ్లాడు, పేరొచ్చింది, సర్ బిరుదూ వచ్చింది. అయినా 1918లో అక్కడి ప్రాక్టీసు వదిలేసి సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊరికి వెళ్లి పరిశోధన సంస్థ పెట్టాడు. పెద్దాసుపత్రికి జబ్బు ముదిరాకే వస్తారు, మొదలయ్యేటప్పుడు దాన్ని చూడాలంటే మనుషుల మధ్య ఉండాలి అన్నది ఆయన నమ్మకం. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 5,209 మందితో మొదలైన గుండె అధ్యయనమూ అలాంటిదే. ఊరు వదిలి పెద్దగా పోని జనం, సహకరించే స్థానిక డాక్టర్లు ఉండటం దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం గురించి ఈ రోజు ఓపీలో మనం చెప్పే మాటల్లో చాలావరకు అక్కడివే.

ఒకే డాక్టరు ఏళ్ల తరబడి చూడటం వల్ల రోగికి ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకి నార్వే లెక్కలు చెప్తుంటాను. 2022లో వచ్చిన అధ్యయనంలో, ఒకే ఫ్యామిలీ డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లలో, ఏడాది మాత్రమే ఉన్నవాళ్లతో పోలిస్తే మరణాలు దాదాపు 25 శాతం తక్కువ, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరాల్సి రావడం కూడా ఇంచుమించు అంతే తక్కువ. అది ఫ్యామిలీ డాక్టర్ల లెక్క, స్పెషలిస్టులకి ఎలా వర్తిస్తుంది అని మీరనవచ్చు. నిజమే. కానీ మూర్ఛ, పార్కిన్సన్స్, మైగ్రేన్, మల్టిపుల్ స్క్లీరోసిస్... మీ న్యూరాలజీలో ఎన్ని జబ్బులు జీవితాంతం వెంట ఉండేవో మీకే బాగా తెలుసు.

ఇక అందరికీ ఉండే భయం, అలాంటి ఊళ్లో కేసులు సరిపోతాయా, నేర్చుకున్నది మర్చిపోతానా అని. ఇక్కడ చాలామంది ఊరి జనాభా చూసి పొరపడతారు. ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సంస్థ) లెక్క ప్రకారం మధ్యస్థాయి నగరం అంటే 2 లక్షల నుంచి 5 లక్షల జనాభా ఉన్నది. కానీ ఆసుపత్రికి వచ్చేది ఆ ఊరివాళ్లు మాత్రమే కాదు. వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త 1933లో దక్షిణ జర్మనీ ఊళ్లను పరిశీలించి ఒక విషయం చెప్పాడు. రోజూ కావాల్సినవి ప్రతి చిన్న ఊళ్లోనూ దొరుకుతాయి, ఎప్పుడో ఒకసారి కావాల్సినవి మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒక పెద్ద ఊళ్లో ఉంటాయి, ఆ ఊరు ఆ ప్రాంతానికి కేంద్రం అవుతుంది. న్యూరాలజిస్టు అవసరం మనిషికి ఎప్పుడో ఒకసారే. అందుకని నాలుగు లక్షల ఊళ్లో కూర్చున్న మీరు నిజానికి చుట్టూ ఉన్న పది పన్నెండు లక్షల మందికి న్యూరాలజిస్టు. ఒక చిన్న లెక్క వేసుకోండి. గిలియన్ బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే అరుదైన జబ్బు) ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుంది. పన్నెండు లక్షల మందిలో అంటే ఏడాదికి పన్నెండు నుంచి ఇరవై నాలుగు కేసులు, ఊళ్లో మీరూ ఇంకో ఇద్దరూ ఉంటే వాటిలో చాలావరకు మీ ముగ్గురి చేతుల్లోకే వస్తాయి. మహానగరంలో కోటి మంది ఉండొచ్చు, అక్కడి కేసులు ఎన్ని వందల మంది న్యూరాలజిస్టులకు పంచుకుపోతాయో చూడండి.

పైగా అక్కడ పని ముక్కలుగా ఉంటుంది. నేనున్న చోట గుండె లయ తప్పితే ఒక విభాగం, హార్ట్ ఫెయిల్యూర్‌కి ఒక విభాగం, ఎకోకి ఒక విభాగం, నా వంతు యాంజియో, స్టెంట్లు. ఆ పనిలో చెయ్యి బాగా తిరిగింది, అది ఒప్పుకోవాలి. కానీ నాలుగో ఏడాది వచ్చేసరికి పేస్‌మేకర్ పెట్టడానికి చెయ్యి తడబడేది, శిక్షణలో సొంతంగా పెట్టినవాడినే. ఇక్కడికి వచ్చాక మొదటి ఆరు నెలలు పుస్తకాలు తిరగేస్తూనే గడిపాను. ఒకే రోజు పొద్దున గర్భిణిలో వాల్వు జబ్బు, మధ్యాహ్నం పేస్‌మేకర్, సాయంత్రం కీమోథెరపీ తర్వాత గుండె బలహీనపడిన అమ్మాయి. చదువుకున్నదంతా వాడుకలోకి రావడం అంటే ఏంటో నాకు అప్పుడు తెలిసింది. చాలామంది డాక్టర్లు పైకి చెప్పరు గానీ ఈ తృప్తి కోసమే ఉంటారు.

అయితే కేసుల సంఖ్య అసలు ముఖ్యం కాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. 1979లో హెరాల్డ్ లుఫ్ట్, ఆయన సహచరులు 1,498 ఆసుపత్రుల్లో 12 రకాల ఆపరేషన్ల లెక్కలు తీశారు. గుండె తెరిచి చేసే ఆపరేషన్లు, రక్తనాళాల ఆపరేషన్ల లాంటివాటిలో ఏడాదికి 200కి పైగా చేసే చోట్ల మరణాలు 25 నుంచి 41 శాతం తక్కువ. అదే తుంటి కీలు మార్పిడిలో 50 నుంచి 100 చేసే ఆసుపత్రి ఫలితాలు, 200 చేసే ఆసుపత్రికి దాదాపు సమానం. కొన్ని ఆపరేషన్లలో సంఖ్యకీ మరణాలకీ సంబంధమే కనిపించలేదు. అంటే ప్రతి పనికీ ఒక సంఖ్య ఉంటుంది, అది దాటితే చాలు. మధ్యస్థాయి నగరంలో పనిచేసే డాక్టరు తన ప్రతి పనికీ ఆ సంఖ్య తన దగ్గర ఉందో లేదో నిజాయితీగా చూసుకోవాలి. లేనిదాన్ని పెద్ద సెంటర్‌కి పంపాలి. పంపితే పేరు పోతుందని, ఎలాగోలా ఇక్కడే చేసేద్దామని అనుకునే డాక్టర్ల వల్ల మనుషులు చనిపోతారు, ఇంత కటువుగా రాస్తున్నానంటే చూశాను కాబట్టే. నా మటుకు నేను పుట్టుకతో వచ్చే సంక్లిష్టమైన గుండె జబ్బులు ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కటి కూడా ఇక్కడ ప్రయత్నించలేదు, అన్నీ పంపేశాను, పంపిన తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటూ ఉన్నాను, తిరిగొచ్చాక చూసుకుంటున్నాను. మీకైతే మెదడు రక్తనాళంలోని గడ్డను తీసే థ్రాంబెక్టమీ అలాంటి ప్రశ్న. ఆ ఊళ్లో చేస్తారా, చేస్తే ఏడాదికి ఎన్ని, చేయకపోతే ఎక్కడికి పంపుతారు, ఎంతసేపు పడుతుంది. ఈ నాలుగూ అడక్కుండా సంతకం పెట్టకండి.

టైమ్ గురించి మాట్లాడుకుందాం, ఇది మన ఇద్దరికీ పెద్ద విషయం. గుండెపోటు రోగి ఆసుపత్రి గుమ్మం దాటిన 90 నిమిషాల్లో మూసుకుపోయిన రక్తనాళం తెరవాలన్నది మా లక్ష్యం. స్ట్రోక్‌లో ప్రతి నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో లెక్కగట్టారు, గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. మా ఇంటి నుంచి క్యాత్ ల్యాబ్‌కి, అంటే ఆసుపత్రిలో స్టెంట్లు వేసే గదికి, పదకొండు నిమిషాలు. రాత్రి రెండింటికైనా, సాయంత్రం ఆరింటికైనా పదకొండే. మహానగరంలో నేను ఇల్లు తీసుకోగలిగిన చోటు నుంచి ఆసుపత్రికి రాత్రి ముప్పై అయిదు నిమిషాలు, సాయంత్రమైతే గంటా పావు, అందుకని కాల్ (అత్యవసరమైతే పిలవగానే రావాల్సిన డ్యూటీ) ఉన్న రోజు ఇంటికి వెళ్లకుండా డ్యూటీ రూములోనే పడుకునేవాడిని. ట్రాఫిక్ తక్కువ అని జనం అనే మాట వెనక ఉన్న అసలు లెక్క ఇది. మిగిలే అరగంట డాక్టరుకి సుఖమే, కానీ అదే అరగంట స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి చెయ్యి కదలడమో కదలకపోవడమో. అంబులెన్సుకి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఈ సమాధానం అంతటిలో ముఖ్యమైనది. ఊరి సైజు కన్నా, జీతం కన్నా, ఆసుపత్రిలో ఉన్న మిషన్ల కన్నా ముందు ఒక్కటి చూడండి: మీ స్పెషాలిటీలో అక్కడ ఎంతమంది ఉన్నారు, రాత్రి కాల్ ఎన్ని రాత్రులకోసారి మీ వంతు వస్తుంది.

నేను వచ్చేసరికి నాతో కలిపి ఇద్దరం. రాత్రి మార్చి రాత్రి కాల్. రెండో ఏట ఆ రెండో డాక్టరు అనారోగ్యంతో మానేశారు. పద్నాలుగు నెలలు నేను ఒక్కడినే. సెలవు లేదు, ఫోన్ ఆపేసి పడుకున్న రాత్రి లేదు, నా కూతురు పుట్టినప్పుడు కూడా మధ్యలో లేచి వెళ్లాను. పదో నెలలోనో పదకొండో నెలలోనో, వరసగా మూడు రాత్రులు నిద్రలేక, ఓపీలో ఒక పెద్దావిడకి డిగాక్సిన్ (ఎక్కువైతే ప్రాణానికే ప్రమాదమయ్యే గుండె మందు) మోతాదు రెట్టింపు రాశాను. మందుల కౌంటర్‌లో ఉన్న ఫార్మసిస్టు అనుమానం వచ్చి ఫోన్ చేసి అడిగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆవిడ ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. యాజమాన్యాన్ని ఇంకొకర్ని తీసుకోమంటే, ఇద్దరికి సరిపడా కేసులు లేవనేవాళ్లు. వెళ్లిపోదామని మహానగరంలో పాత ప్రొఫెసర్‌కి ఉత్తరం కూడా రాశాను. చివరికి నర్సింగ్ ఇన్‌చార్జి ఒక మంచి పని చేశారు. ఏ రాత్రి ఎన్నిసార్లు పిలిచారో, ఎన్ని గంటలకి వచ్చానో, మళ్లీ పొద్దున ఎన్నింటికి ఓపీలో కూర్చున్నానో మూడు నెలల రిజిస్టర్ తీసి ఒక కాగితం మీద వేసి మీటింగులో పెట్టారు. ఆ తర్వాతే ఇంకొకర్ని తీసుకున్నారు, రెండేళ్లకి మూడోవాళ్లు వచ్చారు. ఇప్పుడు అయిదుగురం. నేను ఉండిపోవడానికి కారణం ఆ మూడో మనిషి రావడం.

కాబట్టి మీరొక్కరే న్యూరాలజిస్టు అయ్యే ఊరికి, ఎంత గౌరవం ఇస్తామన్నా, వెళ్లకండి. ఇద్దరైతే మూడోవారిని ఎప్పటిలోగా తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. ముగ్గురు ఉంటే బతకొచ్చు. నలుగురైతే నిశ్చింతగా వెళ్లండి. చిన్న ఊళ్లకి డాక్టర్లు రారని అందరూ అంటారు గానీ, వచ్చినవాళ్లు ఎందుకు పోతున్నారో అడిగితే చాలాసార్లు ఇదే తేలుతుంది, ఒంటరిగా ఎక్కువ రాత్రులు. ఒక ఓదార్పు ఏంటంటే, స్పెషలిస్టుల సంఖ్య పెరిగేకొద్దీ వాళ్లు పెద్ద నగరాల నుంచి చిన్నవాటికి పాకుతారని జోసెఫ్ న్యూహౌస్ లాంటి ఆర్థికవేత్తలు 1980ల మొదట్లోనే అమెరికా లెక్కలతో చూపించారు. నా కళ్లముందు కూడా అదే జరిగింది.

చదువుకి దూరమైపోతామా అన్నది ఇంకో భయం. ఇది ఒకప్పుడు నిజం, అయినా అప్పట్లోనే దారి వెతుక్కున్నవాళ్లున్నారు. అమెరికాలో రోచెస్టర్ అనే ఊరు ఈ రోజుకీ సుమారు లక్షా ఇరవై వేల జనాభా ఉన్నదే. 1883లో సుడిగాలి వచ్చి ఊళ్లో ఒక భాగం నేలమట్టమైతే, దాని తర్వాత అక్కడ 1889లో ఒక ఆసుపత్రి తెరిచారు, మేయో క్లినిక్ పెరిగింది అక్కడే. మేయో అన్నదమ్ములిద్దరూ వంతులేసుకుని, ఒకరు ఊళ్లో ఆపరేషన్లు చూసుకుంటుంటే ఇంకొకరు ఇతర నగరాలకి వెళ్లి అక్కడి సర్జన్లు ఏం చేస్తున్నారో చూసొచ్చేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మా అయిదుగురిలో ప్రతి ఏడాదీ ఒకరు నెల రోజులు ఏదో ఒక పెద్ద సెంటర్‌లో ఉండి వస్తారు, మిగతా నలుగురు ఆ నెల భారం మోస్తారు. ఇదీ కాల్ పంచుకునేవాళ్ల సంఖ్య మీదే ఆధారపడిందని గమనించండి, ఇద్దరే ఉంటే ఎవరూ కదల్లేరు. 2003లో న్యూమెక్సికో యూనివర్సిటీలో సంజీవ్ అరోరా అనే లివర్ డాక్టరు ఇంకో దారి చూపించాడు. హెపటైటిస్ సి రోగులు ఆయన క్లినిక్ కోసం నెలల తరబడి ఆగి, గంటల తరబడి ప్రయాణం చేసి రావాల్సి వచ్చేది. ఆయన రోగుల్ని రప్పించడం కాకుండా, చిన్న ఊళ్ల డాక్టర్లతో వారం వారం వీడియోలో కూర్చుని కేసులు చర్చించడం మొదలుపెట్టాడు. 2011లో ఫలితాలు ప్రచురించారు. వైరస్ పోయినవాళ్లు యూనివర్సిటీలో 57.5 శాతం, ఆ చిన్న ఊళ్లలో 58.2 శాతం. మాకూ రెండు వారాలకోసారి అలాంటి మీటింగ్ ఉంది, కష్టమైన కేసులు అక్కడ పెడతాం, ముగ్గురు నలుగురు నిపుణులు సందేహాలు తీరుస్తారు.

అందరూ తెలిసినవాళ్లే కావడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికి సిద్ధపడకుండా వచ్చినవాళ్లు చాలా బాధపడతారు. నా కొడుక్కి లెక్కలు చెప్పే టీచరు వాళ్ల నాన్న నా పేషెంటు. పొద్దున నడకకి వెళ్తే మూడు ఈసీజీలు చూడమంటారు. అది పెద్ద ఇబ్బంది కాదు. నా స్నేహితుడి తండ్రికి నేనే యాంజియోప్లాస్టీ చేశాను, ప్రొసీజర్ మధ్యలో రక్తనాళం చిరిగింది, ఎంత ప్రయత్నించినా ఆయన్ని కాపాడలేకపోయాను. బయటికొచ్చి నేనే చెప్పాను, ఏం జరిగిందో దాచకుండా చెప్పాను. స్నేహితుడు ఏమీ అనలేదు. ఏడెనిమిది నెలలు మాట్లాడలేదు. అదే వీధి, అదే మైదానం, రోజూ ఎదురుపడేవాళ్లం. ఒక రోజు తనే వచ్చి, నాన్న రిపోర్టులు ఇంకో డాక్టరుకి చూపించానని, నువ్వు చెప్పింది నిజమేనని ఆయన చెప్పాడని అన్నాడు. నేను ఆ ఎనిమిది నెలలూ సరిగ్గా నిద్రపోలేదు. మహానగరంలో అయితే ఆ కుటుంబం మళ్లీ కనపడేది కాదు, నేను త్వరగానే మర్చిపోయేవాడిని. ఇక్కడ మర్చిపోవడం కుదరదు. నేను జాగ్రత్తపరుడినైన డాక్టర్ని అయితే, దానికి ఈ మర్చిపోలేకపోవడమే సగం కారణం అనుకుంటాను. అందరూ దీన్ని మోయలేరు, మోయలేకపోవడం తప్పు కూడా కాదు.

ఇంట్లోవాళ్ల సంగతి. ఇక్కడ నేను తప్పు చేశాను, మీరు చేయకండి. నా భార్య బయోకెమిస్ట్రీలో పరిశోధన చేసేది. ఏదో ఒకటి దొరుకుతుందిలే అని నేను తేలిగ్గా అనేశాను. రెండేళ్లు ఏమీ దొరకలేదు. ఆ రెండేళ్లు తను ఎంత నలిగిందో నేను కాల్స్ గొడవలో పట్టించుకోలేదు. తర్వాత తనే ఇంకో దారి వెతుక్కుని, ఆసుపత్రి ల్యాబులో నాణ్యత చూసే పనిలో చేరి, ఇప్పుడు ఆ విభాగానికి హెడ్. కానీ మొదలుపెట్టిన పరిశోధన ఆగిపోయింది, అది తిరిగి రాలేదు. నాకు తెలిసి ఇలాంటి ఊళ్ల నుంచి వెళ్లిపోయిన డాక్టర్లలో చాలామంది భాగస్వామి ఉద్యోగం కోసమో, పిల్లల పైచదువుల కోసమో వెళ్లారు, పని నచ్చక వెళ్లినవాళ్లు తక్కువ. కాబట్టి మీ ఇంటర్వ్యూకి ముందు మీ జీవిత భాగస్వామి ఆ ఊళ్లో ఒక వారం ఉండి, తన పనికి తనే నాలుగు చోట్ల అడిగి చూసుకోవాలి. తనకి నచ్చకపోతే అక్కడితో వదిలేయండి.

డబ్బు గురించి క్లుప్తంగా. మహానగరంలో మీలాంటివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి బేరం ఆసుపత్రి చేతిలో ఉంటుంది, ఇక్కడ చాలాసార్లు మీ చేతిలో ఉంటుంది. అయితే మొదటి ఒకటి రెండేళ్లు గ్యారంటీ జీతం చూపించి, తర్వాత చూసిన కేసులను బట్టి ఇస్తామని రాసే ఒప్పందాలుంటాయి. గ్యారంటీ అయిపోయిన మూడో ఏడాది గురించి అడగండి. మానేస్తే అదే ఊళ్లో ఇంకో చోట ప్రాక్టీసు చేయకూడదన్న షరతు ఉందేమో కూడా చూడండి, రెండే ఆసుపత్రులున్న ఊళ్లో ఆ షరతంటే ఊరే వదిలి వెళ్లడం.

ఎవరు నిలబడతారు అని అడిగితే, ఇలాంటి ఊళ్లలోనో ఇంకా చిన్న ఊళ్లలోనో పెరిగినవాళ్లు అని ఎక్కువమంది చెప్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2010లో, మళ్లీ 2021లో ఇచ్చిన సిఫార్సుల్లో, మారుమూల ప్రాంతాల్లో వైద్యులు నిలవాలంటే అక్కడ పెరిగిన పిల్లలనే వైద్య విద్యకి తీసుకోమని చెప్పింది. నేను మాత్రం మహానగరంలో పుట్టి పెరిగినవాడినే. కాబట్టి మీరు ఎక్కడ పుట్టారన్న దానితో ఇప్పుడే వెనకడుగు వేయనక్కర్లేదు.

వెళ్లి చూడటానికి ఒక పూట కాకుండా మూడు రోజులు పెట్టుకోండి. ఒక శనివారం రాత్రి క్యాజువాలిటీలో కూర్చోండి. రాత్రి తీసిన సీటీ స్కాన్ ఎవరు చదువుతున్నారు, ఎంతసేపట్లో చెప్తున్నారు చూడండి. ఐసీయూ నర్సుల్లో అయిదేళ్లు దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో అడగండి, నర్సులు నిలవని చోట మీరూ నిలవలేరు. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను గీసే పరీక్ష) టెక్నీషియన్ సెలవు పెడితే ఎవరు చేస్తారో అడగండి. అన్నిటికన్నా ముందు, మీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చుని వెళ్లిపోయిన న్యూరాలజిస్టు ఎవరో కనుక్కుని వాళ్లకి ఫోన్ చేయండి. ఎందుకు వెళ్లారో వాళ్లు చెప్తే, అదే మాట యాజమాన్యాన్ని అడిగి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. కాల్ షెడ్యూల్ తెలిశాక ఇక్కడ రాయండి, నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను.